చూసి నేర్చుకునే పిల్లలకు ఆన్‌లైన్ వనరులు

బధిర విద్యార్థికి పాఠం చేరేది ప్రధానంగా కంటి ద్వారానే. వినికిడి యంత్రం పెట్టుకున్నా, కాక్లియర్ ఇంప్లాంట్ చేయించుకున్నా, తరగతి గదిలోని సందడిలో మాటలన్నీ స్పష్టంగా అందవు. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో వినికిడి లోపం ఉన్నవారు సుమారు 50 లక్షల 70 వేలమంది. వారిలో బడి ఈడు పిల్లలు కొందరు ప్రత్యేక పాఠశాలల్లో చదువుతున్నారు. మరికొందరు ఊళ్లోని మామూలు బడిలోనే చదువుకుంటూ, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో అయితే మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ఉన్న భవిత కేంద్రానికి వెళ్లి వస్తున్నారు. ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులకూ, తరగతిలో ఒక్క బధిర విద్యార్థి ఉన్న మామూలు ఉపాధ్యాయులకూ పనికొచ్చే వనరులు ఇప్పుడు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఏది ఎందుకు పనికొస్తుందో, ఏది పనికిరాదో తెలియాలంటే ముందు భాష సంగతి చూడాలి.

బధిర పిల్లల్లో అత్యధికులు వినగలిగిన తల్లిదండ్రులకే పుడతారు. అమెరికాలో జరిగిన అధ్యయనాలు ఈ వాటా తొంభై శాతం పైమాటేనని తేల్చాయి. ఇంట్లో అందరూ మాట్లాడుకునే భాష బిడ్డకు వినబడదు, బిడ్డ చూసి నేర్చుకోగల భాష ఇంట్లో ఎవరికీ రాదు. అందువల్ల చాలామంది పిల్లలు అయిదారేళ్ల వయసులో ఏ భాషా పూర్తిగా లేకుండా బడి గడప తొక్కుతారు. తోటి పిల్లలు బడికి వచ్చేనాటికే వేల మాటలు నేర్చుకుని ఉంటారు. ఈ తేడాకు కారణం తెలివి తక్కువ కావడం కాదు, భాష అందకపోవడం. కాబట్టి ఉపాధ్యాయులు వెతకవలసిన మొదటి వనరు గణితానికో సైన్సుకో సంబంధించిన వీడియో కాదు, సంజ్ఞా భాష నేర్పే వనరు.

భారతీయ సంజ్ఞా భాష తెలుగుకో హిందీకో చేతులతో చేసే అనువాదం కాదు. దానికి సొంత వ్యాకరణం ఉంది. కాలాన్ని తెలిపే సైగ సాధారణంగా వాక్యం మొదట్లో వస్తుంది, ప్రశ్నను తెలిపే సైగ చివర వస్తుంది. ‘నువ్వు ఎక్కడికి వెళ్తున్నావు’ అన్న మాటను ‘నువ్వు, వెళ్లు, ఎక్కడ’ అన్న వరుసలో చూపిస్తారు. అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నకు కనుబొమలు పైకి లేస్తాయి. ముఖ కవళికలు, తల ఊపు, చేతులు కదిలే చోటు, ఇవన్నీ వ్యాకరణంలో భాగాలే. మాట్లాడే వాక్యంలోని ఒక్కో పదానికి ఒక్కో సైగ అతికిస్తూ పోతే అది సంజ్ఞా భాష కాదు. ఆన్‌లైన్‌లో కనిపించే ఏ వీడియోనైనా ముందుగా ఈ దృష్టితో చూడాలి. ముఖంలో ఏ కదలికా లేకుండా చేతులు మాత్రమే ఆడుతుంటే, అది భాష నేర్చుకోవడానికి తగిన వీడియో కాదు.

సంజ్ఞా భాషకు సొంత వ్యాకరణం ఉందన్న గుర్తింపు ఆలస్యంగా వచ్చింది. 1880లో ఇటలీలోని మిలాన్ నగరంలో జరిగిన బధిర విద్యా మహాసభ, బళ్లలో సైగలు వద్దు, నోటి మాటే నేర్పాలి అని తీర్మానించింది. దాని ప్రభావం అనేక దేశాల్లో దాదాపు నూరేళ్లు నడిచింది. 1960లో అమెరికాలో విలియం స్టోకీ, సంజ్ఞా భాషకు కూడా మాట్లాడే భాషలకున్నట్లే నిర్మాణం ఉందని చూపించాడు. భారతదేశంలో 1970ల చివర మదన్ వశిష్ట, జేమ్స్ వుడ్‌వార్డ్ తదితరులు వివిధ నగరాల సైగలను సేకరించి పోల్చారు. ఆ తరవాత ఉల్రికె జేషన్ ఈ భాష వ్యాకరణాన్ని వివరించింది. ఇప్పుడు చేతి ఫోనులో దొరికే నిఘంటువులకు, కోర్సులకు పునాది ఈ పరిశోధనలే.

దేశంలో ఈ భాషకు ప్రధాన కేంద్రం ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం. దీన్ని 2015లో స్థాపించారు. ఈ సంస్థ 2018లో మూడు వేల పదాలతో తొలి డిజిటల్ నిఘంటువు విడుదల చేసింది. 2019లో అది ఆరు వేల పదాలకు, 2021 ఫిబ్రవరిలో పది వేల పదాలకు పెరిగింది. రోజువారీ మాటలతోపాటు చదువు, చట్టం, వైద్యం, సాంకేతిక రంగాలు, వ్యవసాయం, పరిపాలనకు సంబంధించిన పదాలు ఇందులో ఉన్నాయి. ఒక్కో పదానికీ ఒక్కో వీడియో ఉంటుంది. యూట్యూబ్‌లోనూ ఇవి చూడవచ్చు. 2022 సెప్టెంబర్ 23న ఇదే నిఘంటువు ‘సైన్ లెర్న్’ అనే మొబైల్ యాప్‌గా వచ్చింది. ఆ తేదీ ఎంపికకు కారణం ఉంది. ప్రపంచ బధిరుల సమాఖ్య 1951లో ఏర్పడిన రోజు కాబట్టి ఐక్యరాజ్య సమితి దాన్ని అంతర్జాతీయ సంజ్ఞా భాషల దినంగా ప్రకటించింది.

సైన్ లెర్న్ యాప్‌లో పదాన్ని ఇంగ్లీషులో గానీ హిందీలో గానీ వెతకవచ్చు. తెలుగు మాధ్యమంలో బోధించేవారు రేపటి పాఠంలోని ముఖ్యమైన పది పదాలకు ముందే ఇంగ్లీషు మాటలు రాసుకుని పెట్టుకుంటే వెతకడం తేలిక. ‘కిరణజన్య సంయోగక్రియ’కు ఏ సైగ ఉందో తరగతిలో నిలబడి వెతికితే పీరియడ్ గడిచిపోతుంది. నిఘంటువు ఒక్కటే చాలదు. పదాలు పోగైనంత మాత్రాన వాక్యం రాదు. అందుకే ఈ కేంద్రం నేర్పే ప్రాథమిక కోర్సులు అవసరం. తల్లిదండ్రులకూ ఉపాధ్యాయులకూ ఇంటి దగ్గరే కూర్చుని నేర్చుకునే వీలున్న ఆన్‌లైన్ కోర్సును 2023లో ప్రారంభించారు. భాష ఎలా ప్రవహిస్తుందో చూడడానికి ముంబైకి చెందిన ఇండియా సైనింగ్ హ్యాండ్స్ వారి ఐఎస్‌హెచ్ న్యూస్ వీడియోలు బాగుంటాయి. అందులో బధిరులే వార్తలు చెబుతారు, పక్కనే అక్షరాలూ వస్తాయి. పై తరగతుల పిల్లలకు అవే వర్తమాన వ్యవహారాల పాఠంగానూ పనికొస్తాయి.

యాప్‌లో చూపిన సైగకూ, ఊళ్లోని బధిరులు చేసే సైగకూ కొన్నిసార్లు తేడా ఉంటుంది. 1970ల నాటి సర్వేలో ఢిల్లీ, కలకత్తా, బొంబాయి, బెంగళూరు ప్రాంతాల సైగల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు ఒకదానికొకటి సంబంధం ఉన్నవని తేలింది. మిగతావి ప్రాంతాన్ని బట్టి మారేవే. హైదరాబాదు పిల్లలు అమ్మకో, ఆదివారానికో వేరే సైగ చేస్తే దాన్ని తప్పుగా కొట్టివేయకూడదు. ఇంట్లో వాడే సైగ, స్థానిక బధిరుల సైగ, నిఘంటువు సైగ, మూడింటినీ పక్కపక్కన పెట్టి చూపితే పిల్లలు త్వరగా గ్రహిస్తారు. స్థానిక బధిరుల సంఘంలోని పెద్దలను బడికి పిలిస్తే ఏ యాప్ కూడా ఇవ్వలేని సాయం అందుతుంది.

భాష తరవాత పాఠ్యాంశం. పాఠ్యపుస్తకాలను సంజ్ఞా భాషలోకి మార్చడానికి ఎన్‌సీఈఆర్‌టీ 2020 అక్టోబర్‌లో ఢిల్లీలోని సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రంతో ఒప్పందం చేసుకుంది. ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా పుస్తకాలు, ఇతర బోధన సామగ్రి ఆ ఒప్పందం పరిధిలోకి వస్తాయి. సిద్ధమైన వీడియోలను దశలవారీగా దీక్షా వేదికపై ఉంచుతున్నారు. 2017లో మొదలైన ఈ వేదికలోని పాఠాలను నెట్ ఉన్నచోట డౌన్‌లోడ్ చేసుకుని, నెట్ లేనిచోట చూపవచ్చు. రాష్ట్ర పాఠ్యపుస్తకాల్లో ముద్రించిన క్యూఆర్ కోడ్‌లు కూడా దీక్షాకే దారి తీస్తాయి. అయితే ఆ వీడియోల్లో చాలావరకు మాటల మీద నడిచేవే. కోడ్ స్కాన్ చేసి నేరుగా తరగతిలో చూపకుండా, ముందుగా ధ్వని ఆపేసి ఒకసారి చూడాలి. ధ్వని లేకుండా విషయం సగమైనా అర్థమైతే ఆ వీడియో బధిర విద్యార్థికి పనికొస్తుంది. మాట్లాడే ముఖం తప్ప మరేమీ కనబడకపోతే పనికిరాదు.

ఇంటర్నెట్ సరిగా అందని ఊళ్లకు టీవీ దారి ఉంది. పీఎం ఈ-విద్య పథకం కింద 31వ నంబరు చానల్‌ను పూర్తిగా భారతీయ సంజ్ఞా భాషకే కేటాయించి 2024 డిసెంబర్ 6న ప్రారంభించారు. డీడీ ఫ్రీ డిష్ ఉన్న ఇంట్లో నెలవారీ ఖర్చు లేకుండా ఇది వస్తుంది, యూట్యూబ్‌లోనూ చూడవచ్చు. జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, అంటే ఎన్ఐఓఎస్, సెకండరీ స్థాయిలో భారతీయ సంజ్ఞా భాషను ఒక భాషా సబ్జెక్టుగా ప్రవేశపెట్టింది. 2021 జులైలో ఆ ప్రకటన వెలువడింది. దాని పాఠాలు విద్యార్థులకే కాక, భాష క్రమపద్ధతిలో నేర్చుకోవాలనుకునే ఉపాధ్యాయులకూ ఉపయోగం.

వీడియో ఎంత మంచిదైనా చూపే పద్ధతిలోనే ఫలితం ఉంటుంది. వినగలిగిన పిల్లలు తెర చూస్తూ ఉపాధ్యాయుల వ్యాఖ్య వినగలరు, వింటూ నోట్సు రాయగలరు. బధిర పిల్లలకు ఒకేసారి ఒకచోటే చూపు. తెర చూస్తే ఉపాధ్యాయుల చేతులు కనబడవు, నోట్సు రాస్తుంటే రెండూ కనబడవు. అందుకే వీడియో నడుస్తుండగా మధ్యలో వివరించకూడదు. ముందు కొత్త పదాల సైగలు చెప్పాలి. తరవాత ఒకటి రెండు నిమిషాల ముక్క చూపి ఆపాలి. అందరి చూపూ తిరిగి ఉపాధ్యాయుల మీదికి వచ్చాకే వివరణ, ఆపైన రాత. వేగంగా సాగే సైగలను యూట్యూబ్‌లో ముప్పావు వేగానికి తగ్గించి చూపవచ్చు. గది మొత్తం చీకటి చేయకూడదు, ఉపాధ్యాయుల ముఖం మీద వెలుగు ఉండాలి, కిటికీ వారి వీపు వెనక ఉండకూడదు.

బధిర విద్యలో అన్నిటికన్నా కష్టమైన మెట్టు చదవడం, రాయడం. తెలుగులో ఈ కష్టం విభక్తుల దగ్గర బాగా కనిపిస్తుంది. ‘రవి లతను పిలిచాడు’, ‘రవిని లత పిలిచింది’ అన్న రెండు వాక్యాల్లో పేర్ల వరుస ఒకటే. ఎవరు ఎవరిని పిలిచారో చెప్పేది ఆ చిన్న ప్రత్యయమూ, క్రియ చివరి అక్షరమూ. వినే పిల్లలకు ఇవి వేలసార్లు చెవిన పడి ఒంటబడతాయి. బధిర పిల్లలు వాటిని పేజీ మీదే మొదటిసారి చూస్తారు. కనుక వారికి ఎక్కువ బొమ్మలు, తక్కువ వాక్యాలు, అదే వాక్య నిర్మాణం మళ్లీ మళ్లీ వచ్చే కథలు కావాలి.

ప్రథమ్ బుక్స్ సంస్థ 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ ఇందుకు బాగా ఉపయోగపడుతుంది. తెలుగు కథలు స్థాయిల వారీగా అందులో దొరుకుతాయి. ఉచిత లైసెన్సు ఉన్నందున ఉపాధ్యాయులు అవే బొమ్మలతో వాక్యాలను మార్చి, కుదించి కొత్త కథగా అచ్చు వేసుకోవచ్చు. విభక్తి ప్రత్యయాలకు రంగు వేసిన ఒక ప్రతి, వాటి చోటు ఖాళీగా వదిలిన మరో ప్రతి తయారు చేసుకుంటే వారం రోజుల పని సిద్ధం. ఎస్ఐఎల్ సంస్థ వారి బ్లూమ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో పుస్తకం ప్రతి పేజీలో సంజ్ఞా భాష వీడియో పెట్టే సదుపాయం ఉంది. బొమ్మ, వాక్యం, సైగ మూడూ ఒకే పేజీలో కనిపించే పుస్తకాన్ని బడిలోనే తయారు చేయవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాల్లోని ద్విభాషా పాఠ్యపుస్తకాల్లో తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉండడం మరో వెసులుబాటు. ఇంగ్లీషు పేజీలోని పదాన్ని సైన్ లెర్న్‌లో వెతికి, తెలుగు పేజీలోని పదంతో కలపవచ్చు.

గణితం, సైన్సులకు మాటలు తక్కువగా ఉండి, కదిలించి చూడగలిగే వనరులు మేలు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లు అలాంటివి. విద్యుత్ వలయంలో బల్బు కలపడం, భిన్నాలను ముక్కలుగా అమర్చడం, వంపు మార్చి వస్తువు వేగం గమనించడం, ఇవన్నీ పిల్లలు వేలితో జరుపుతూ తెలుసుకుంటారు. వీటిలో కొన్నిటికి తెలుగు అనువాదాలూ ఉన్నాయి. జ్యామితికి జియోజీబ్రా అనే సాఫ్ట్‌వేర్ ఉంది. త్రిభుజం ఒక శీర్షాన్ని లాగితే కోణాలు మారుతూ, వాటి మొత్తం మాత్రం 180 డిగ్రీల దగ్గరే నిలవడం పిల్లలు కళ్లారా చూస్తారు. దేశీయంగా సీ-డాక్, అమృత విశ్వవిద్యాపీఠం కలిసి రూపొందించిన ఓల్యాబ్స్‌లో హైస్కూలు ప్రయోగాలు ఉన్నాయి.

శాస్త్ర పదాలకు సైగలు లేకపోవడం ఎన్నో దేశాల్లో ఉన్న సమస్య. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలోని స్కాటిష్ సెన్సరీ సెంటర్, బధిర శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయుల సాయంతో గణిత, భౌతిక, రసాయన, జీవ శాస్త్ర పదాలకు బ్రిటిష్ సంజ్ఞా భాషలో పదకోశం తయారు చేసింది. ఆ సైగలను ఇక్కడ దించుకోవడం సరికాదు. కానీ భావాన్ని సైగలో ఎలా ఇమిడించారో, ఒకే కుటుంబానికి చెందిన పదాలకు చేతి ఆకారాన్ని ఎలా ఉమ్మడిగా ఉంచారో గమనిస్తే, ఇక్కడి బధిరులతో కలిసి కొత్త సైగలు స్థిరపరచుకునే పద్ధతి తెలుస్తుంది.

విదేశీ వనరులన్నిటికీ ఇదే నియమం. పద్ధతి తీసుకోవచ్చు, సైగ తీసుకోకూడదు. ఇంటర్నెట్‌లో వెతికితే ముందుగా కనిపించేవి అమెరికన్ సంజ్ఞా భాష వీడియోలే. ఆ భాషలో ఇంగ్లీషు అక్షరాలను ఒక చేతితో చూపిస్తారు. భారతదేశంలో బ్రిటన్‌లో లాగా రెండు చేతులతో చూపే పద్ధతి వాడుకలో ఉంది. అక్షరాల దగ్గరే ఇంత తేడా ఉంటే పదాల సంగతి చెప్పనక్కరలేదు. అయితే వాషింగ్టన్‌లోని గాలడెట్ విశ్వవిద్యాలయానికి చెందిన లారెంట్ క్లెర్క్ కేంద్రం, 1944లో మొదలైన బ్రిటన్‌లోని నేషనల్ డెఫ్ చిల్డ్రన్స్ సొసైటీ ప్రచురించే ఉపాధ్యాయ మార్గదర్శకాలు ఎక్కడివారికైనా ఉపయోగమే. కూర్చోబెట్టే విధానం, బృంద చర్చ నడిపే తీరు, పరీక్షల్లో ప్రశ్నల భాష సరళం చేయడం వంటి విషయాలు వాటిలో వివరంగా ఉంటాయి.

మాటను అక్షరంగా మార్చే సాధనాలు మరో తరగతి. గాలడెట్ విశ్వవిద్యాలయంతో కలిసి గూగుల్ 2019లో తెచ్చిన లైవ్ ట్రాన్‌స్క్రైబ్ అనే యాప్, ఎదుటివారి మాటను ఫోను తెర మీద అక్షరాలుగా చూపిస్తుంది. దాన్ని రూపొందించిన వారిలో దిమిత్రి కనెవ్‌స్కీ చిన్నతనం నుంచీ బధిరుడే. తెలుగు మాటనూ ఇది గుర్తిస్తుంది. చదవడం బాగా వచ్చిన హైస్కూలు, కాలేజీ విద్యార్థికి ఇది ఆసరా. చదవడం ఇంకా నేర్చుకుంటున్న చిన్నపిల్లలకు ఉపయోగం తక్కువ. సందడిగా ఉన్న గదిలో, ఇద్దరు ఒకేసారి మాట్లాడినప్పుడు, సాంకేతిక పదాలు వచ్చినప్పుడు తప్పులు దొర్లుతాయి. అందుకే ముఖ్యమైన సూత్రాలు, పేర్లు బోర్డు మీద రాయక తప్పదు. సంజ్ఞా భాషలోకి యంత్రమే అనువదిస్తుందని చెప్పుకునే బొమ్మల యాప్‌లనూ జాగ్రత్తగా పరీక్షించాలి. పదానికి పదం సైగ చేసి చూపేవి పాఠానికి ఆధారం కాలేవు.

వినికిడి యంత్రాలు వాడే పిల్లల విషయంలో ఉపాధ్యాయుల రోజువారీ పని ఒకటి ఉంది. కెనడాకు చెందిన డేనియల్ లింగ్ రూపొందించిన ఆరు ధ్వనుల పరీక్షను రెండు నిమిషాల్లో చేయవచ్చు. పిల్లలకు పెదవులు కనబడకుండా ఆ, ఈ, ఊ, మ్, ష్, స్ అనే ధ్వనులను పలకాలి. విన్న ప్రతి ధ్వనికీ చెయ్యెత్తడమో, తిరిగి పలకడమో చేయించాలి. నిన్న విన్న ధ్వని ఇవాళ వినకపోతే బ్యాటరీ అయిపోయిందనో, ట్యూబులో తేమ చేరిందనో, చెవిలో ఇబ్బంది ఉందనో అనుమానించాలి. దీన్ని చేసి చూపే వీడియోలు ఆన్‌లైన్‌లో సులువుగా దొరుకుతాయి. యంత్రాల సంరక్షణ, వాక్ శిక్షణ గురించిన సమాచారానికి 1983లో ముంబైలో ఏర్పడిన అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ, మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ నమ్మదగినవి. అలీ యావర్ జంగ్ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రం ఉంది. ఇంగ్లీషు చదవగల తల్లిదండ్రులకు లాస్ ఏంజిలెస్‌లోని జాన్ ట్రేసీ సెంటర్ పాఠాలు ఉచితంగా అందుతాయి. సినీ నటుడు స్పెన్సర్ ట్రేసీ భార్య లూయీజ్, తమ బధిర కుమారుడి పెంపకంలో నేర్చుకున్నది ఇతర తల్లులకు చెప్పడానికి 1942లో ఆ సంస్థను ప్రారంభించారు.

దొరికిన వనరు పాఠానికి సరిపోనప్పుడు సొంతంగా వీడియో తీసుకోవచ్చు. దానికి ఫోను, స్టాండు, ఒక ఖాళీ గోడ చాలు. సైగ చేసేవారి చర్మం రంగుతో కలిసిపోని ఒకే రంగు దుస్తులు వేసుకోవాలి. వెలుగు ముందు నుంచి పడాలి. నడుము నుంచి తల పైదాకా చట్రంలో ఉండి, చేతులు చాచినా తెగిపోకుండా చూసుకోవాలి. ఒక వీడియోలో ఒకే భావం చెప్పాలి. కింద అక్షరాలు పెడితే ఒకసారికి రెండు పంక్తులు మించకూడదు, చదివే వ్యవధి ఇవ్వాలి. తలుపు చప్పుడు, నవ్వు వంటి ధ్వనులు కథకు ముఖ్యమైతే వాటినీ అక్షరాల్లో తెలపాలి. వీలైతే సైగ చేసేవారు బధిరులే అయి ఉండడం మంచిది. పిల్లలు కనిపించే వీడియోను వాట్సాప్ గ్రూపులో గానీ యూట్యూబ్‌లో గానీ పెట్టే ముందు తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

చివరిగా, హక్కుల సమాచారమూ ఒక వనరే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, సంజ్ఞా భాషలో అర్హత ఉన్న ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చి నియమించాలని చెబుతోంది. పరీక్షలో అదనపు సమయం, రెండో, మూడో భాష నుంచి మినహాయింపు వంటి సవరణలకూ అందులోని 17వ సెక్షన్ వీలు కల్పించింది. చట్టం పాఠం ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. పదో తరగతి దరఖాస్తులు నింపే సమయానికి ముందే రాష్ట్ర పరీక్షల విభాగం వెబ్‌సైట్‌లో ఆ ఏటి ఉత్తర్వులు చూసి, వైద్య ధ్రువపత్రం సిద్ధం చేయించడం ఉపాధ్యాయుల బాధ్యత. భారత పునరావాస మండలిలో నమోదైన ప్రత్యేక ఉపాధ్యాయులు, ఆ మండలి గుర్తించిన నిరంతర శిక్షణ కార్యక్రమాల్లో పాల్గొని తమ నమోదును కొనసాగించుకోవాలి. మామూలు బడి ఉపాధ్యాయులకు మొదటి నెలలో సైన్ లెర్న్ యాప్, సంజ్ఞా భాష ప్రాథమిక కోర్సు, తమ తరగతి దీక్షా పాఠాలు, ఈ మూడూ చాలు. కథలు, సిమ్యులేషన్లు, సొంత వీడియోలు ఆ తరవాత పిల్లల భాష పెరిగేకొద్దీ ఒక్కొక్కటిగా చేర్చుకోవచ్చు.